హోదాకు తగ్గ గుండె

పెద్దాసుపత్రికి గుండెలు అచ్చువేసే యంత్రం వచ్చిన రోజున, దాన్ని ఏ గదిలో పెట్టాలన్న దానికన్నా దానికి కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న చర్చే ఎక్కువసేపు జరిగింది. చివరికి సూపరింటెండెంటు గోవర్ధనరావుగారే కొట్టారు. కాయ కుళ్లిపోలేదు కాబట్టి అంతా శుభమే జరుగుతుందని అందరూ అనుకున్నారు. అలా అనుకున్నవాళ్లలో తంగి సీతంనాయుడు కూడా ఉన్నాడు.

సీతంనాయుడు ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఎక్స్‌రేలు తీసినవాడు. "ఊపిరి బిగబట్టు... వదిలెయ్" అన్న రెండు మాటలతో సర్వీసంతా వెళ్లదీసిన మనిషి. పది రోజుల శిక్షణకు పంపించి, కొత్త యంత్రాన్ని అతని చేతిలో పెట్టారు. అది చేసే పని వింటే విచిత్రంగా ఉంటుంది గానీ చూస్తే సులువే. రోగి గుండెకు స్కాన్ తీస్తే ఆ బొమ్మ కంప్యూటర్లోకి వస్తుంది. యంత్రం ప్లాస్టిక్ దారాన్ని కరిగించి, గొట్టంలోంచి జంతికల పిండి దిగినట్టు దింపుతూ, పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది. పద్దెనిమిది గంటలయ్యేసరికి ఆ రోగి గుండె ఉన్నదున్నట్టు, చిల్లుంటే చిల్లుతో సహా, చేతిలోకి వస్తుంది. డాక్టరు ముందు దాన్ని కోసి, లోపల దారులన్నీ చూసుకుని, ఆ తరవాత మనిషి మీద కత్తి పెట్టవచ్చు.

"చూసి కొయ్యడానికీ, కోసి చూడ్డానికీ ఎంత తేడా ఉందో అంత ఉపయోగం ఉంది దీనివల్ల," అని చెప్పింది డాక్టర్ కస్తూరి. ఆవిడ పిల్లల గుండెలకు ఆపరేషన్లు చేసే మనిషి. ఆ యంత్రం కోసం నాలుగేళ్లుగా పైకి ఉత్తరాలు రాసిందీ ఆవిడే.

ఆవిడ వార్డులో అప్పటికే ఒక పిల్ల ఎదురుచూస్తోంది. పేరు బంగారి, ఏడేళ్లు. గుండెలో కింది గదుల మధ్య పెద్ద చిల్లు. అది చాలనట్టు, ఒంటికి రక్తం పంపే పెద్ద నాళం తన గదిలోంచి కాకుండా పక్కగదిలోంచి బయల్దేరింది. పిల్ల పది అడుగులు వేస్తే కూలబడుతుంది. తల్లి సన్యాసమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడుతుంది. జీడి తగిలి వేళ్లన్నీ నల్లగా మాడిపోయి ఉంటాయి.

"మెట్టెక్కితే సాలు బాబూ, పెదాలు నేరేడుపండునాగయిపోతన్నాయి," అని చెప్పుకుంది సీతంనాయుడితో. "మీ మిసన్లో అచ్చేస్తే గానీ డాక్టరమ్మ సెయ్యనంతంది. ఎప్పుడేస్తారు బాబూ?"

కస్తూరి కూడా అదే అడిగింది. "వానలు పడకముందే చెయ్యాలి నాయుడూ. జలుబు చేసి ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే ఆ పిల్ల ఆపరేషన్‌కి తట్టుకోదు. ఆ నాళాన్ని చిల్లులోంచి ఎటు తిప్పి కలపాలో చేత్తో పట్టుకు చూస్తే తప్ప నేను కత్తి పట్టను. మొదటి గుండె ఆ పిల్లదే వెయ్యి."

"రేపు మొదలెట్టేస్తానండి," అన్నాడు సీతంనాయుడు.

సర్కారీ కొలువులో రేపు అన్నది చాలా పెద్ద మాట. ఆ సాయంత్రమే కబురొచ్చింది, రేపు మంత్రిగారు వస్తున్నారని.

మంత్రిగారు వస్తే మూడు ఉండాలి. దండ, శాలువా, జ్ఞాపిక. దండా శాలువా వేళకు వచ్చాయి. జ్ఞాపికగా ఇవ్వాలని చెప్పి తెప్పించిన కొయ్య ఏనుగు మాత్రం దారిలో తొండం విరగ్గొట్టుకుని వచ్చింది. తొండం లేని ఏనుగును మంత్రిగారి చేతిలో పెడితే తరవాత తన ఉద్యోగం ఏ అడవిలో ఉంటుందో గోవర్ధనరావుగారికి తెలుసు. ఆయన కంగారుగా నాలుగు వైపులా చూశారు. యంత్రం కంపెనీవాళ్లు నమూనాగా వేసి ఇచ్చిన ఎర్రటి గుండె ఒకటి బల్ల మీద కనిపించింది. దాన్ని మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టి ఇచ్చేశారు.

మంత్రిగారు దాన్ని ఎత్తి కెమెరాలకు చూపించారు. "నాకు జ్ఞాపికలు చాలామంది ఇచ్చారు. గుండె ఇచ్చినవాళ్లు మీరొక్కరే!" అన్నారు.

చప్పట్లు మిన్నుముట్టాయి. ఆ ఊపులో గోవర్ధనరావుగారి నోరు జారింది. "అది తమరి గుండేనండి," అన్నారు.

స్కాన్ ఎప్పుడు తీశారని మంత్రిగారు అడగలేదు. అడిగితే బాగుండదని ఇంకెవరూ అడగలేదు.

అంతే, వారం తిరిగేసరికి జిల్లాలో అధికారి అన్న ప్రతివాడికీ తన గుండె తన బల్ల మీద ఉండాలనిపించింది. ఎప్పుడూ ఏ వరుసలోనూ నిలబడి ఎరగనివాళ్లు స్కాన్ గది ముందు బుద్ధిగా నిలబడ్డారు. నీటిపారుదలవారు వచ్చారు, రవాణావారు వచ్చారు, తూనికలు కొలతలవారు వచ్చి తమ గుండె తూచి మరీ తీసుకెళ్లారు. బంగారి వంతు ఒకటోదల్లా ఆరోదయింది, ఆరు పదకొండయింది, పదకొండు పంతొమ్మిదయింది. సన్యాసమ్మ రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. సీతంనాయుడు తలవంచుకుని ఎవరో ఒక డిప్యూటీగారి గుండెకు అంచులు గీకుతూ ఉండేవాడు.

ఇంత గొప్ప కార్యక్రమానికి అజమాయిషీ లేకపోతే ఎలా అని ప్రభుత్వం 'హృదయ ప్రతిరూప విభాగం' అని ఒకటి తెరిచి, దానికి పురంజయరావుగారిని సంచాలకులుగా వేసింది. ఆయన అంతకుముందు చేపల చెరువులు చూసేవారు. గుండె ఎడంవైపు ఉంటుందన్న విషయం ఆయనకు వచ్చేటప్పటికే తెలుసు. మనిషి చెడ్డవాడు కాదు. కుర్చీ వెనక తువ్వాలు ఏటవాలుగా ఉంటే మాత్రం పని చెయ్యలేరు, అంతే.

వచ్చిన రోజునే ఆయన ఆసుపత్రి హాల్లో వరసగా పేర్చిన సిబ్బంది గుండెల్ని చూస్తూ నడిచారు. ఒకచోట ఆగారు.

"ఇది ఎవరిది?"

"జూనియర్ అసిస్టెంటు చిట్టిబాబుదండి. చిన్నప్పుడు కుస్తీలు పట్టాడు," అన్నారు గోవర్ధనరావుగారు.

"దాని పక్కది?"

"నాదండి."

చిట్టిబాబు గుండె సూపరింటెండెంటుగారి గుండె కన్నా బొటనవేలంత పెద్దగా ఉంది. సంచాలకులు ఏమీ అనలేదు. పై అధికారి ఏమన్నా అంటే కిందివాళ్లు సర్దుకుంటారు గానీ ఏమీ అనకపోతే చెమటలు పడతాయి. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. సీతంనాయుడు కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"తెలియజేయునది ఏమనగా, కార్యాలయములందు కుర్చీ ఎత్తు, బల్ల వెడల్పు, గది వైశాల్యము హోదాననుసరించి నిర్ణయింపబడి ఉండగా, హృదయ ప్రతిరూపములు మాత్రము ప్రకృతి ఇష్టానుసారము ఉండుట క్రమశిక్షణా రాహిత్యమునకు దారితీయుచున్నది. కావున ఇకపై గౌరవ మంత్రివర్యులకు రెండింతలు, సంచాలకులకు ఒకటిన్నర, సూపరింటెండెంటునకు ఒకటింబావు, వైద్యులకు సహజ పరిమాణము, ఇతర సిబ్బందికి ముప్పాతిక, రోగులకు పాతిక వంతున ప్రతిరూపములు ముద్రింపవలెను. అతిక్రమించినవారు శాఖాపరమైన చర్యకు పాత్రులగుదురు."

కస్తూరి ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంటుగారి గదికి పరుగెత్తింది. చెయ్యాల్సిన గుండె కొలతలతో వెనకాలే సీతంనాయుడు వెళ్లాడు.

"రోగికి పాతిక వంతా? మరి నేను దేన్ని చూసి ఆపరేషన్ చెయ్యాలండీ?"

"డాక్టరుగారూ, మీరు ఆవేశపడకండి," అన్నారు గోవర్ధనరావుగారు. "రోగి అన్నవాడు తాత్కాలికం. ఇవాళ ఉంటాడు, రేపు ఇంటికో మరోచోటికో వెళ్తాడు. ఉద్యోగి శాశ్వతం. ఇద్దరికీ ఒకే గుండె అంటే ఎలా?"

"పోనీ ఈ ఒక్క పిల్లకీ మినహాయింపు ఇప్పించండి."

"మినహాయింపు కోరాలంటే అర్హత ఉండాలి. అర్హత ఉండాలంటే ఆ పిల్ల శాఖలో ఉద్యోగి అయి ఉండాలి."

"దానికి ఏడేళ్లండీ!"

"వయసు సడలింపు వేరే ఫైలండి. దానికి మాకు సంబంధం లేదు."

చేసేదేమీ లేక సీతంనాయుడు ఉత్తర్వు ప్రకారమే బంగారి గుండె వేశాడు. అసలే ఏడేళ్ల పిల్ల గుండె, అందులో పాతిక వంతు. పద్దెనిమిది గంటలు కాదు కదా, కాఫీ తాగి వచ్చేసరికి అయిపోయింది. కస్తూరి దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి తిప్పింది, కళ్లద్దాలు తీసింది, పెట్టింది. చిల్లు మాట దేవుడెరుగు, గుండే సరిగ్గా కనిపించలేదు. దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

గుమ్మంలో ఉన్న సన్యాసమ్మ లోపలికి వచ్చి చూసింది. "ఏటి బాబూ, ఇదేనా? మా జీడిపిక్క దీనికన్నా పెద్దదుంటాది." ఆ మాట కోపంగా కూడా అనలేదు. "మా బట్టీలో కూడా అంతేలెండి. ఇరగని పెద్ద పప్పు పెద్దోల్లకి, ముక్కలు మాలాటోల్లకి. కానీ బాబూ, గుండికాయిలు కూడా అలాగే ఏరతారని నాకు తెల్దు."

సీతంనాయుడికి ఆ క్షణాన తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. ఇరవై రెండేళ్లలో ఒక్క ఎక్స్‌రే అయినా మసకగా తియ్యలేదని అందరికీ చెప్పుకు తిరిగే మనిషి. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఇంతలో హృదయ వారోత్సవాలు వచ్చిపడ్డాయి. సంచాలకుల గుండె ఇంకా హాల్లో లేదు. ఒకటిన్నర కొలతతో, నడిమధ్యన, ఎత్తు పీట మీద పెట్టాలని అలంకరణ సంఘం తీర్మానించింది. స్కాన్‌కి ఎప్పుడు వీలవుతుందో కనుక్కోవడానికి సీతంనాయుడు ఆయన గదికి వెళ్లాడు.

పురంజయరావుగారు తలుపు వేయించి గొంతు తగ్గించారు. "ఆ స్కాన్ గొట్టంలో దూరి పడుకోవడం నా వల్ల కాదయ్యా. నిన్న ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి చూసొచ్చాను. తల పెట్టి వెంటనే తీసేశాను."

"మరి గుండె ఎలాగండి?"

"నీ దగ్గర బోలెడు గుండెలున్నాయి కదా. వాటిల్లో మంచి గుండె ఒకటి చూసి, నా కొలతకు పెంచి, నా పేరు వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

సీతంనాయుడు గదికి వచ్చి కంప్యూటర్లో ఉన్న గుండెలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నీటిపారుదల, రవాణా, తూనికలు కొలతలు, చిట్టిబాబు. మంచి గుండె అని ఆయన నోటితో ఆయనే అన్నారు కదా అనుకున్నాడు. తనకు తెలిసినంతలో ఆ జాబితాలో మంచి గుండె ఒక్కటే ఉంది. దాన్ని సంచాలకుల కొలతకు, అంటే పెద్దవాళ్ల గుండెకు ఒకటిన్నర వంతుకు, పెంచితే అసలుకు మూడింతలయింది. పేరు గడిలో 'పురంజయరావు, సంచాలకులు' అని కొట్టి, మీట నొక్కాడు. పట్టుబడితే ఉద్యోగం పోతుందని తెలుసు. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది అతనికి. గుండె రాగానే ముందు కస్తూరికి ఒక పూట ఇచ్చి, తరవాత హాలుకు పంపిద్దామని అతని ఎత్తు.

ఆ ఎత్తు పారలేదు. యంత్రం ఆగీ ఆగకముందే అలంకరణ సంఘంవాళ్లు నలుగురు వచ్చి, ఇంకా వేడి తగ్గని గుండెను పళ్లెంలో పెట్టుకుని, పెళ్లికొడుకును తీసుకుపోయినట్టు తీసుకుపోయారు.

వారోత్సవాల సభలో పురంజయరావుగారు గంభీరంగా మాట్లాడారు. "ఇక్కడ మీరు చూస్తున్నది నా గుండె. నేను అధికారినని చెప్పుకోలేదు. సామాన్యుడిలా వరుసలో నిలబడి స్కాన్ తీయించుకున్నాను," అన్నారు. ముఖ్య అతిథి రాజధాని నుంచి వచ్చిన ప్రొఫెసర్ వైకుంఠంగారు. గుండె వైద్యంలో తలపండిన మనిషి, మర్యాదలు తెలియని మనిషి. ఆయన తిన్నగా పీట దగ్గరికి వెళ్లి, గుండెను ఎత్తి, అటూ ఇటూ తిప్పి, లోపలికి వేలు పోనిచ్చారు. వేలు ఇటునుంచి వెళ్లి అటునుంచి బయటికి వచ్చింది.

"ఇది ఎవరిదన్నారు?"

"మా సంచాలకులవారిదండి."

ప్రొఫెసర్ గబుక్కున పురంజయరావుగారి మణికట్టు పట్టుకున్నారు. "ఈ గుండెతో మీరు నిలబడి ఉపన్యాసం ఇచ్చారా? కూర్చోండి. ఎవరక్కడ, కుర్చీ వెయ్యండి! వారం రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఇన్నేళ్లు ఎలా బతికారో నాకు అర్థం కావడం లేదు."

పురంజయరావుగారి ముందు ఇప్పుడు రెండే దారులు. ఆ గుండె నాది కాదనాలి, లేదా ఆ జబ్బు నాదే అనాలి. అబద్ధం ఒప్పుకోవడం కన్నా జబ్బు ఒప్పుకోవడమే హోదాకు తగ్గ పని అని ఆయనకు తోచింది. తువ్వాలు సరిగ్గా పరిచిన కుర్చీలో మెల్లగా కూర్చున్నారు.

గోవర్ధనరావుగారు మైకు అందుకున్నారు. "ఇంత చిల్లు పెట్టుకుని కూడా వారు ఒక్క ఫైలైనా ఆపలేదని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను!" అన్నారు. ముందు వరసలోవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ పైన జరగవలసినవన్నీ ఎప్పుడూ లేనంత వేగంగా జరిగాయి. సంచాలకుల గుండెను అధ్యయనం చెయ్యవలసిందిగా డాక్టర్ కస్తూరికి ఉత్తర్వు వచ్చింది. సాధన కోసం అదే కొలతలో మరో మూడు ప్రతులు వెయ్యమని సీతంనాయుడికి మరో ఉత్తర్వు. అయిదు నెలలుగా ఒక మర కోసం మూలపడి ఉన్న, ఆపరేషన్ వేళ గుండె పని తను చేసిపెట్టే గుండె ఊపిరితిత్తుల యంత్రం ఒక్క మధ్యాహ్నంలో బాగయింది. మత్తు ఇచ్చే పెద్ద డాక్టరు విశాఖ నుంచి కారులో దిగాడు.

గుండె చేతిలోకి రాగానే కస్తూరి దాన్ని ఒక్కసారి తిప్పి చూసింది. తరవాత సీతంనాయుడి మొహంలోకి చూసింది.

"ఈ చిల్లు నేనెరుగుదును నాయుడూ."

"నేనూ ఎరుగుదునండి," అన్నాడతను.

మూడింతలు పెద్దది కావడంతో ఆవిడ లోపలి దారులన్నీ వేళ్లతో తడిమి చూసుకోగలిగింది. మొదటి ప్రతి మీద నాళాన్ని ఒకవైపు నుంచి తిప్పి చూసింది, కుదరలేదు. రెండోదాని మీద మరోవైపు నుంచి ప్రయత్నిస్తే నాళం నలిగింది. మూడోదాని మీద దారి దొరికింది. ఇక మొదటి రెండు దారుల్లో ఏది పిల్ల మీద వేసి ఉన్నా ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు. గుమ్మంలో ఉన్న సన్యాసమ్మ దగ్గరికి వెళ్లి, ఆ మాడిపోయిన వేళ్లను ఊరికే ఒకసారి పట్టుకుని వచ్చింది.

అవతల పురంజయరావుగారి పరిస్థితి వేరుగా ఉంది. మొదటి రోజు ఆయన లోలోపల నవ్వుకున్నారు. రెండోరోజు అందరూ పరామర్శించి వెళ్లాక మెట్లెక్కుతూ మధ్యలో ఆగారు. మూడోరోజుకి ఎడంచెయ్యి లాగుతున్నట్టు అనిపించింది. నాలుగోరోజు భోజనాల వేళ సీతంనాయుణ్ణి పిలిపించారు.

"నిజం చెప్పు. ఆ గుండె ఎవరిది?"

"మీదేనండి. మీరు చెప్పినట్టే మీ పేరు వేశానండి."

"నాయుడూ, నాకు భయంగా ఉందయ్యా. అసలు ఎవరిది?"

సీతంనాయుడు తలెత్తాడు. ఆరేళ్ల సర్వీసు సంగతి గుర్తొచ్చింది, అయినా నోరు ఆగలేదు. "ఏడేళ్ల పిల్లదండి. బంగారి అని, అయిదో వార్డులో ఉంది. రోగులకి పాతిక వంతే వెయ్యమన్నారు కదండీ. పాతిక వంతులో ఆ చిల్లు కనపడదండి. మీరేమో మంచి గుండె చూడమన్నారు. నాకు అదే మంచిదనిపించిందండి. ఇంక మీ దయ."

పురంజయరావుగారు లేచి అయిదో వార్డు వైపున్న కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అక్కడ వరండాలో సన్యాసమ్మ కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని విసురుతోంది. ఉత్తర్వు మీద సంతకం పెట్టినప్పుడు పాతిక వంతు అంటే ఎంతో ఆయన ఊహించి చూసుకోలేదు. ఇప్పుడు చూశారు. ఆయనకు సిగ్గేసింది.

"ఆపరేషన్ రద్దు చెయ్యొద్దని డాక్టరుగారితో చెప్పు," అన్నారు చివరికి. "ఏర్పాట్లన్నీ నా పేరు మీదే ఉండనీ. నా పేరు తీసేస్తే ఆ విశాఖ డాక్టరు సాయంత్రానికల్లా కారెక్కేస్తాడు."

ఆ మాట దయ వల్ల వచ్చిందా, అబద్ధం బయటపడుతుందన్న భయం వల్ల వచ్చిందా అని సీతంనాయుడు ఆలోచించలేదు. రెండూ ఒకే దారిన పోతున్నప్పుడు ఆపి విడదీయడం దేనికి?

ఆపరేషన్ రోజున థియేటర్ తలుపు దగ్గర గుమాస్తా జాబితా పట్టుకుని నిలబడ్డాడు. బండి మీద బంగారి వచ్చింది.

"పేరు పురంజయరావుగారని ఉందండి," అన్నాడు పిల్లవైపు చూస్తూ.

"ఆయన తరఫున వచ్చింది," అంది కస్తూరి.

గుమాస్తాకు ఇందులో వింతేమీ కనపడలేదు. సంచాలకులవారు ఏ సమావేశానికీ స్వయంగా వెళ్లి ఎరగరు, ఎవరో ఒకరు వారి తరఫున వెళ్లి కూర్చుని వస్తూనే ఉంటారు. "ప్రతినిధి హాజరు" అని రాసుకుని తలుపు తీశాడు.

ఏడు గంటలు పట్టింది. సీతంనాయుడు సెలవు పెట్టి సన్యాసమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ ఏ దేవతకు మొక్కుకోవాలో తేలక అందరికీ వరసగా మొక్కుకుంటోంది. కస్తూరి బయటికి వచ్చి, "పెదాలు ఎర్రగా ఉన్నాయమ్మా, వెళ్లి చూసుకో," అని చెప్పేసరికి సన్యాసమ్మ లేవలేకపోయింది. సీతంనాయుడు లేపబోయి తనూ కూలబడి ఏడ్చాడు.

సంచాలకులవారి గుండె ఆపరేషన్ దిగ్విజయంగా జరిగిందని మర్నాడు పత్రికల్లో వచ్చింది. అందువల్ల పురంజయరావుగారు పది రోజులు ప్రత్యేక గదిలో పడుకోవలసివచ్చింది. ఉప్పులేని చారు తాగారు. గది నిండా బత్తాయిలు, పూలగుత్తులు. వాటిలో సగం సాయంత్రమయ్యేసరికి అయిదో వార్డుకు పోయేవి. ఎవరు పంపమన్నారో ఎవరూ అడగలేదు.

పదో రోజున బంగారి ఆ గదికి వచ్చింది. తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది. అప్పుడక్కడ గోవర్ధనరావుగారు, చిట్టిబాబు, నీటిపారుదలవారు, ఇంకా పదిమంది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాతా, నీకూ కోసీసారంట కదా?" అంది. గౌను మెడ కిందికి లాగి, ఛాతీ మధ్య నిలువుగా ఉన్న గీతను గర్వంగా చూపించింది. "నాకు ఇంత పొడుగుంది. నీదేదీ, సూపించు."

గోవర్ధనరావుగారు నర్సు కోసం అటూ ఇటూ చూశారు. పురంజయరావుగారి చెయ్యి పై గుండీ దాకా వెళ్లి ఆగింది. కొంచెంసేపు పిల్ల ఛాతీ మీది గీతనే చూశారు.

"నాకు లేదు తల్లీ," అన్నారు. "నా వంతు కూడా నువ్వే కోయించుకున్నావు."

ఆ మాట అనేశాక ఆయనకు ఎడంచెయ్యి లాగడం మానేసింది. దుప్పటి తీసి లేచి కూర్చున్నారు. ఇక తన పని అయిపోయిందని, నిజం తెలిశాక వీళ్లంతా మొహాన నవ్వుతారని అనుకున్నారు. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లు ముప్ఫై ఏళ్ల సర్వీసు చేసినవాళ్లు. పై అధికారి ఏం చేసినా అందులో ఒక పద్ధతి ఉంటుందని వాళ్ల నమ్మకం. నొప్పి లేకుండా, గీత పడకుండా, పత్రికల్లో ఫొటోతో సహా గుండె బాగుచేయించుకోవచ్చన్న సంగతి వాళ్లకు అప్పుడే అర్థమయింది.

సాయంత్రం సీతంనాయుడి గది ముందు వరుస కట్టారు. "నాయుడూ, మన శాఖలో నేనొక్కణ్ణే మిగిలిపోయేలా ఉన్నాను. నాకూ ఒక చిల్లు చూడవయ్యా," అన్నాడు రవాణా ఆయన. చిట్టిబాబు మరీ పెద్దది అక్కర్లేదనీ, తన హోదాకు చిన్న చిల్లు చాలనీ మనవి చేసుకున్నాడు. కస్తూరి దగ్గర ఎదురుచూస్తున్న పిల్లల జాబితా ఉంది. సీతంనాయుడు ఆ జాబితాను ఒక చేత్తోనూ అధికారుల జాబితాను ఒక చేత్తోనూ పట్టుకుని, ఒకరికొకర్ని జతచేస్తూ కూర్చున్నాడు. పాతిక వంతు ఉత్తర్వును ఎవరూ రద్దు చెయ్యలేదు. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. దాని ప్రకారం రోగి పేరు మీద వెయ్యాల్సిన గుండె మాత్రం ఆ తరవాత ఒక్కటీ రాలేదు.

వానలు వెళ్లిపోయాక సన్యాసమ్మ కూతుర్ని పరీక్షకు తీసుకొచ్చింది. హాల్లో కొత్తగా ఒక పెద్ద బోర్డు పెట్టారు. 'గుండె శస్త్రచికిత్స పొందిన అధికారులు' అని, కింద హోదాల వారీగా ఇరవై మూడు పేర్లు. చదవడం రాక ఆమె సీతంనాయుణ్ణి అడిగింది. అతను పేరుపేరునా చదివి వినిపించాడు.

"అయ్యో పాపం!" అంది సన్యాసమ్మ, నిజంగానే జాలిపడి. "ఇంతమంది బాబుల గుండికాయిల్లోనూ సిల్లులేనేటి? మరి ఇన్నాల్లూ ఆటితోటే పని సేసీవారా బాబూ?"

"చేసేవారమ్మా," అన్నాడు సీతంనాయుడు. "నువ్వు చూశావు కదా."